పైవాళ్ళ ఫ్లష్ మన పడగ్గదిలో వినపడుతుంటే

విశాఖ మధురవాడలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు, మీది మూడో అంతస్తు. పడగ్గది మూలన పీవోపీ బాక్సులో పై రెండు ఫ్లాట్ల లెట్రిన్ పైపు దిగుతోంది. ఎవరు ఫ్లష్ నొక్కినా తలగడ పక్కనే ఏరు పారినట్టుంది. మీవారిది ప్లాంటులో సి షిఫ్టు, రాత్రి డ్యూటీ. ఊరు ఆ చివర్నుంచి ఈ చివరికి బస్సులో వచ్చి ఏడున్నరకి పక్క మీద వాలే మనిషి. సరిగ్గా అప్పుడే పైన స్నానాలు, వాషింగ్ మెషీన్లు. దానికి తోడు తెల్లవారుజామున మోటారు ఆగినప్పుడు గోడలో ‘ధబ్’మని ఒక దెబ్బ. ప్లంబరేమో బాక్సు విప్పి థర్మోకోల్ కూరేద్దామన్నాడు. మీరేమో గుడ్ల ట్రేలా ఎత్తుపల్లాలున్న నల్ల ఫోమ్ షీట్లు కొని అంటిద్దామనుకుంటున్నారు. ఈ రెంటిలో ఏది మేలని అడిగారు.

రెండూ వద్దమ్మా. డబ్బు పోతుంది, చప్పుడు ఉండిపోతుంది. థర్మోకోల్ కూరితే ఇంకాస్త పెరిగినా పెరగొచ్చు.

ఇరవై ఆరేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. పోత ఇనుప పైపుల జాయింట్లలో జనపనార దట్టించి సీసం కరిగించి పోసే మేస్త్రి దగ్గర చెయ్యందించే కుర్రాడిగా మొదలుపెట్టాను. ఆ పైపులకి తుప్పు, బరువు, మోయలేక భుజం వాపు, అన్ని తగువులూ ఉండేవి గానీ పైవాళ్ళ ఫ్లష్ వినపడుతోందని నన్ను పిలిచినవాళ్ళు లేరు. పీవీసీ వచ్చాకే ఈ గొడవ మొదలైంది. కారణం తక్కెడలో తెలిసిపోతుంది. మనం నాలుగించీల పైపు అంటామే, ఆ 110 మి.మీ. పైపు భారత ప్రమాణం ఐ.ఎస్. 13592 ప్రకారం మురుగుకి వాడాల్సిన ‘బి’ (B) రకమైతే గోడ మందం 3.2 మి.మీ. ఉంటుంది. చదరపు మీటరుకి నాలుగున్నర కిలోలు తూగుతుంది. వాననీళ్ళకీ గాలి పైపుకీ ఉద్దేశించిన ‘ఏ’ (A) రకం 2.2 మి.మీ. మాత్రమే. పోత ఇనుము పైపు చదరపు మీటరుకి పాతిక కిలోల పైమాటే. గోడ బరువు రెట్టింపైతే దాన్ని దాటి వచ్చే చప్పుడు అయిదారు డెసిబెల్ తగ్గుతుంది, ఇది ధ్వని లెక్కల్లో పాత సూత్రం. ఆ లెక్కన పీవీసీకీ ఇనుముకీ పదిహేను డెసిబెల్ దాకా తేడా. మన చెవికి పది డెసిబెల్ తగ్గితే చప్పుడు సగమైనట్టు ఉంటుంది.

బాక్సు విప్పినప్పుడు పైపు మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి, ‘A’ రకమో ‘B’ రకమో రాసి ఉంటుంది. ‘A’ రకం కనపడితే బిల్డరు ఎక్కడ మిగుల్చుకున్నాడో మీకే తెలుస్తుంది.

థర్మోకోల్ సంగతి కూడా ఈ తక్కెడ మీదే తేలిపోతుంది. అంగుళం మందం షీటు చదరపు మీటరుకి అరకిలో కూడా తూగదు. వేడిని ఆపుతుంది, ఐస్ పెట్టెలకి మంచిది. చప్పుడుకి అడ్డం నిలబడేంత ఒళ్ళు దానికి లేదు. పైగా పైపుకీ బాక్సు పలకకీ మధ్య గట్టిగా కూరితే పైపు అదురు నేరుగా పలక మీదకి ఎక్కుతుంది. పలక వెడల్పాటిది కదా, డప్పు తోలులా మోగుతుంది. గన్నుతో కొట్టే పీయూ ఫోమ్ అంతకంటే చెడ్డది. గట్టిపడి పైపునీ గోడనీ బాక్సునీ ఒక్క ముద్ద చేస్తుంది, తర్వాత లీకు వస్తే విప్పడానికి ఉలి పట్టాలి. ఇక ఆ గుడ్ల ట్రే ఫోమ్ పని వేరు. గదిలో మాట్లాడితే గోడలకి తగిలి తిరిగొచ్చే మోత తగ్గించడానికి రికార్డింగ్ గదుల్లో అంటిస్తారు. పక్కనుంచి వచ్చే చప్పుడుని అది ఆపదు.

ఏం కొనాలన్నది తర్వాత. ముందు ఆ చప్పుడు మీ గదిలోకి ఏ దారిన వస్తోందో పట్టుకోవాలి. రెండు దారులున్నాయి. ఒకటి గాలి: పైపు గోడ దాటి బాక్సులోకి, బాక్సు సందుల్లోంచి గదిలోకి. రెండోది ఒంటి దారి, అంటే పైపు, గోడల ఒంట్లోంచి: పైపు అదిరితే దాన్ని గోడకి పట్టి ఉంచే క్లాంపు అదురుతుంది, క్లాంపుతో గోడ, స్లాబు అదురుతాయి, ఆ గోడే స్పీకరులా పాడుతుంది. గాలి దారికి కట్టే మందు ఒంటి దారికి పనిచెయ్యదు. మనవాళ్ళు తొంభై పాళ్ళు మొదటిదానికే మందు కడతారు, మన అపార్ట్‌మెంట్లలో నేను చూసినంతలో అసలు దొంగ రెండోదే.

పట్టుకోవడం తేలిక. పైవాళ్ళకి ఫోన్ చేసి అయిదారుసార్లు, నిమిషం నిమిషం ఆగి ఫ్లష్ నొక్కమనండి (ట్యాంకు నిండాలి కదా, తొందర పెట్టకండి). పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని మొన గోడకి ఆనించి, పిడి చెవి ముందు ఎముకకి నొక్కి పెట్టండి. డాక్టరు గొట్టంలా పనిచేస్తుంది. బాక్సుకి రెండు పక్కలా ఉన్న గోడ మీద జానెడు జానెడు చొప్పున పైనుంచి కిందకి వినుకుంటూ రండి. ఒక చోట ఒక్కసారిగా గట్టిగా వినపడుతుంది, పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. దాదాపు అక్కడే లోపల క్లాంపు ఉంటుంది, లేదా పైపు స్లాబుని దాటే చోటు. తర్వాత స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, మందపాటి బొంతని బాక్సుకి రెండు చేతులా అదిమి పట్టుకుని ఇంకో ఫ్లష్ వినండి. చప్పుడు బాగా తగ్గితే గాలి దారి పెద్దది. ఏమీ తగ్గకపోతే ఒంటి దారి. చివరిగా బాత్రూమ్ తలుపు మూసి, కింద సందులో తువ్వాలు కుక్కి ఇంకోసారి వినండి. తేడా తెలిస్తే మూడో దారి కూడా ఉందన్నమాట. అది డక్టు, దాని సంగతి తర్వాత చెబుతాను.

పైపులో ఏం జరుగుతోందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఫ్లష్ నీళ్ళు పైపు నిండా దిగవు. పైపు గోడని అంటుకుని పొరలా చుట్టుకుని దిగుతాయి, నడుమ గాలి ఉంటుంది. ఒకటి రెండు అంతస్తులు దిగేసరికి గోడ రాపిడి నీళ్ళ బరువుకి సరితూగి వేగం నిలకడకి వస్తుంది, సెకనుకి మూడు నుంచి అయిదు మీటర్లు. పైన అయిదంతస్తులున్నా ఇరవై ఉన్నా అంతే. అందుకే ‘పైన అంతస్తులు ఎక్కువ, అందుకే నీళ్ళు జోరుగా పడుతున్నాయి’ అన్న మాట సరి కాదు. నిలువు పైపులో పారే నీటి చప్పుడు ఓ మోస్తరే. అసలు మోత నీళ్ళు దారి మళ్ళే చోట. పై ఫ్లాటు కమోడ్ నుంచి వచ్చిన అడ్డ పైపు నిలువు పైపులో కలిసే చోట ఒక దెబ్బ, కింద నిలువు పైపు అడ్డం తిరిగే బెండు దగ్గర ఇంకో పెద్ద దెబ్బ.

మీ పైపు పడగ్గది మూలకి ఎలా వచ్చిందో నాకు అనుమానంగా ఉంది. సాధారణంగా ఏ బిల్డరూ లెట్రిన్ పైపుని కావాలని పడగ్గదిలోంచి దించడు. పై అంతస్తులో ప్లాను మార్చుకుని ఉంటారు, బాత్రూమ్ పక్కకి జరిగి ఉంటుంది, మీ సీలింగ్ పైన ఎక్కడో పైపు అడ్డంగా తిరిగి మళ్ళీ కిందకి దిగి ఉంటుంది. అలాంటిచోట రెండు తొంభై డిగ్రీల ఎల్బోలు గనక వేసి ఉంటే ఎన్ని దుప్పట్లు చుట్టినా లాభం తక్కువ. ఆ ఎల్బో తీసి రెండు నలభై అయిదు డిగ్రీల బెండ్లు, వాటి మధ్య జానెడు నిటారు ముక్క వేస్తే నీళ్ళు గోడకి గుద్దుకోకుండా జారతాయి. స్లాబు కింద స్థలం ఉంటే ఇది చేయించండి. చేయించేటప్పుడు ఒక డోర్ బెండు కూడా పెట్టించండి, రేపు పైపు మూసుకుపోతే తెరవడానికి.

ఇప్పుడు క్లాంపు. లాసన్స్ బే వైపు ఒక పాత అపార్ట్‌మెంటులో జరిగింది చెబుతాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు గోడ బయట పైపులు కొన్ని ఊడి వేలాడాయి. అసోసియేషన్‌వాళ్ళు భయపడి, గాలికి ఇక కదలకూడదని, అడుగడుక్కీ జి.ఐ. (జింకు పూత ఇనుము) క్లాంపులు గోడకి ఒత్తి బిగించారు. ఊడలేదు, నిజమే. కానీ ఆ తర్వాత ప్రతి ఫ్లాటులోనూ ఫ్లష్ మోత మొదలైంది. నన్ను పిలిచినప్పుడు చూస్తే కొన్నిచోట్ల పైపు గోడని ఒరుసుకునే ఉంది, క్లాంపు పీవీసీని కొరికేసింది. సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పట్టి స్పానరు తిరగలేదు, కోసి తీశాం. కోసిన క్లాంపు ఊడి పైపు గోడనుంచి రెండు వేళ్ళ ఎడం జరగ్గానే లోపల గదిలో కూర్చున్న పెద్దాయన బయటికొచ్చి ‘నీళ్ళు ఆపేశారా’ అని అడిగారు. పైన మనవాడు అప్పుడే ఫ్లష్ నొక్కాడు.

కాబట్టి మీ బాక్సులో మొదట చెయ్యాల్సింది ఉత్త ఇనుప క్లాంపులు తీసి, లోపల రబ్బరు పట్టీ ఉన్నవి వేయించడం. ఈపీడీఎం రబ్బరు అడగండి, మామూలు నల్ల రబ్బరు రెండేళ్ళకి రాయిలా అవుతుంది. క్లాంపు స్టెయిన్‌లెస్ స్టీలు, గ్రేడ్ 304 అయితే ఇంట్లోకి చాలు. డక్టులో, బయట గోడమీద అయితే 316 అడగండి, మన ఊరి ఉప్పుగాలికి 304 కూడా గోధుమరంగు మచ్చలు పడుతుంది. అంతస్తుకి ఒక్క క్లాంపు గట్టిగా, సాకెట్ (పైపు కొస దూరే వెడల్పాటి మూతి) కింద, పైపు బరువు మోసేలా. రెండోది వదులుగా, పైపు పైకీ కిందకీ జారేలా. రెంటినీ బిగించేశారంటే పైపు పెరిగే తరుగే తావుండదు. పీవీసీ మూడు మీటర్ల పైపు ఇరవై డిగ్రీలు వేడెక్కితే నాలుగు మి.మీ. దాకా సాగుతుంది. వేడి స్నానపు నీళ్ళు దిగాక ‘టక్, టక్’ అని వినపడుతుంటే అదే. అందుకే నిలువు పైపుల్లో సొల్యూషన్ పూసి అంటించే జాయింటు కన్నా రబ్బరు రింగు ఉండే రింగ్‌ఫిట్ మేలు. దోపే పైపు కొసని మొత్తం లోపలికి గుద్దకుండా ఒక సెంటీమీటరు వెనక్కి లాగి వదలాలి. మన కుర్రాళ్ళు గుద్దే దాకా గుద్దుతారు, దగ్గరుండి చూసుకోండి.

ఒక మెట్టు ఎక్కువ జాగ్రత్త పైపు స్లాబు దాటే చోట. తాపీ మేస్త్రి కాంక్రీటు పైపుకి అతికించి పూడ్చేస్తాడు, అక్కడ పైపూ స్లాబూ ఒకటే అవుతాయి. మీ వైపు, అంటే కింద నుంచి, పైపు చుట్టూ బొటనవేలు మందాన చెక్కి, పైపుకి మెత్తటి రబ్బరు ఫోమ్ పట్టీ చుట్టి, మిగిలిన సందుని సాగే సీలెంట్‌తో నింపించండి. నిప్పు పైకి పాకకుండా ఆపే రకం సీలెంట్ కూడా దొరుకుతుంది, ఇక్కడ అదే వాడాలి. లోతుగా మాత్రం పోవద్దు. పై బాత్రూమ్ సంకెన్ స్లాబు (కిందకి దించి వేసినది) అయి ఉంటే వాటర్‌ప్రూఫింగ్ చెదిరిందంటే చప్పుడు పోయి చెమ్మ వస్తుంది, అప్పుడు నన్ను తిట్టుకుంటారు.

ఈ రెండూ అయ్యాక చుట్టడం సంగతి. చుట్టాల్సినవి రెండు పొరలు. లోపలిది మెత్తగా, బయటిది బరువుగా. మెత్తటి పొర పైపు అదురుని బరువు పొరకి చేరనివ్వదు, బరువు పొర చప్పుడుని దాటనివ్వదు. బరువు పొర నేరుగా పైపుకి అంటిస్తే సగం లాభమే. లోపలి పొరకి ఏసీ రాగి పైపులకి తొడిగే నైట్రైల్ రబ్బరు షీటు, పాతిక మి.మీ. మందానిది బాగుంటుంది. అది నీళ్ళు పీల్చదు, మన ఊరి గాల్లో తడికి అది పెద్ద సుగుణం. గ్లాస్‌వూల్ పొడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, పైపు మీద చెమట పట్టి తడిస్తే ముద్దయి జారిపోతుంది. బయటి పొరకి మాస్ లోడెడ్ వినైల్ అని అమ్ముతారు, చదరపు మీటరుకి అయిదు కిలోల బరువుండే షీటు అడగండి. పాతిక మి.మీ. పొర చుట్టాక పైపు చుట్టుకొలత అరమీటరు అవుతుంది. మూడు మీటర్ల పైపుకి ఒకటిన్నర చదరపు మీటర్లు, అంచు మీద అంచు రెండంగుళాలు ఎక్కాలి కాబట్టి ఇంకాస్త. అంతా కలిపి ఎనిమిది తొమ్మిది కిలోలు. చేతితో పట్టుకుంటే తెలుస్తుంది, తడి గోనెసంచిలా ఒంగుతూ బరువుగా ఉండాలి. అట్టలా గట్టిగా ఉంటే, తేలిగ్గా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. దొరక్కపోతే కారు తలుపుల్లో అదురు తగ్గించడానికి వేసే బిటుమెన్ షీట్లు రెండు మూడు వరసలు వాడొచ్చు, కారు యాక్సెసరీస్ షాపుల్లో అడగండి. కానీ టాపు వాటర్‌ప్రూఫింగ్‌కి మంట పెట్టి అంటించే బిటుమెన్ షీటు తేవొద్దు. ఎనభై డిగ్రీలకే పీవీసీ మెత్తబడుతుంది, పైపు కరిగిపోతుంది.

చుట్టేటప్పుడు నిటారు ముక్క ఎవరైనా చుడతారు. బెండు, టీ, సాకెట్ల దగ్గర వదిలేస్తారు, అక్కడే కదా అసలు మోత. ఆ చోట్ల రెండు వరసలు వేయించండి. అతుకుల మీద మామూలు ప్యాకింగ్ టేపు కాకుండా అల్యూమినియం టేపు.

బాక్సు గురించి. ఇప్పుడున్నది పల్చటి పీవోపీ అయితే తీసేయండి. ఫ్రేము పైపుకి గానీ పైపు క్లాంపులకి గానీ తగలకూడదు, చుట్టిన పైపుకీ బోర్డుకీ మధ్య కనీసం అంగుళం ఎడం ఉండాలి. పన్నెండున్నర మి.మీ. జిప్సమ్ బోర్డు రెండు పొరలు, మొదటి పొర అతుకుల మీద రెండో పొర అతుకులు రాకుండా. లోపలి ఖాళీలో రాక్‌వూల్ వదులుగా వేయొచ్చు, కుక్కొద్దు. తర్వాత సందులు. ఎంత మంచి గోడకైనా నూటికి ఒక వంతు కన్నం ఉంటే అది ఇరవై డెసిబెల్‌కి మించి ఆపలేదు. గోడకీ బోర్డుకీ, సీలింగ్‌కీ బోర్డుకీ, నేలకీ బోర్డుకీ మధ్య ప్రతి గీతా సీలెంట్‌తో మూయాలి. డోర్ బెండు ఎదురుగా పెట్టే చిన్న తలుపుకి ఫ్రిజ్ తలుపులా రబ్బరు అంచు ఉండాలి. లోపల లైటు వేసి, గది చీకటి చేసి చూడండి. వెలుగు ఎక్కడ కనపడుతుందో చప్పుడు అక్కణ్ణుంచి వస్తుంది.

ఇందాక వదిలేసిన డక్టు. మన ఊరి అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ వెంటిలేటర్లు డక్టులోకి తెరుచుకుంటాయి. అయిదంతస్తుల పొడవు, నాలుగు పక్కలా ప్లాస్టరు చేసిన ఇరుకు బావి అది, పైపులన్నీ అందులోనే. ఒకరి బాత్రూమ్‌లో దగ్గితే అందరికీ వినపడుతుంది. తువ్వాలు పరీక్షలో తేడా తెలిస్తే గాజు లూవర్లు తీసి బిగింపు అద్దం పెట్టించి, వెనక మూత పడే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకోండి. బాత్రూమ్ తలుపు అంచుకి రబ్బరు బీడింగ్. అయితే ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే వెంటిలేటరు జోలికి పోవద్దు. గాలి ఆడని గదిలో గ్యాస్ గీజర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, వాసన కూడా రాదు, స్నానానికి వెళ్ళిన మనిషి బయటికి రాడు. చప్పుడు ఎంతైనా భరించండి. లేదా ముందు గీజరు మార్చండి.

ఫ్లష్ తర్వాత మీ బాత్రూమ్ నహానీ ట్రాపులోంచి (నేల జాలీ కింద నీళ్ళు నిలిచే గిన్నె) ‘గుడగుడ’ వస్తోందేమో కూడా చూడండి, అడిగిన దాంట్లో రాయలేదు మీరు. అలా వస్తే అది చుట్టి ఆపే చప్పుడు కాదు, పైపుకి ఊపిరాడట్లేదు. టాపు మీద గాలి పైపు కౌల్ (పైనుండే జాలీ మూత) ఊడిపోయి పావురాలు గూడు పెట్టి ఉండొచ్చు, లేక వాటర్‌ట్యాంకు దిమ్మె కట్టినప్పుడు పైపు మూసేసి ఉండొచ్చు. ట్రాపులో నిలవాల్సిన రెండంగుళాల నీళ్ళు పైపు లాగేసుకుంటుంది, చప్పుడుతో పాటు కంపు కూడా వస్తుంది. ఓసారి మేడెక్కి చూస్తే సరి.

ఇక తెల్లవారుజామున ‘ధబ్’. దీనికీ లెట్రిన్ పైపుకీ సంబంధం లేదు, ఇది మంచినీళ్ళ లైను. సంపులోంచి మోటారు అయిదంతస్తుల పైకి నీళ్ళు తోస్తుంది. మోటారు ఆగగానే పైపులోని నీళ్ళ స్తంభం క్షణంపాటు పైకి పోతూ పోతూ ఆగి, వెనక్కి పడి, ఎన్నార్వీ (నీళ్ళని వెనక్కి రానివ్వని వాల్వు) తలుపుని ధబేల్మని మూస్తుంది. ఆ దెబ్బ పైపు వెంట పాకుతుంది. నీళ్ళు సెకనుకి ఒక మీటరు వేగంతో పారుతూ ఠక్కున ఆగితే ఇనుప పైపులో చదరపు సెంటీమీటరుకి పది కేజీలకు పైగా అదనపు ప్రెషర్ పుడుతుంది. సీపీవీసీ, యూపీవీసీ పైపులు కాస్త సాగుతాయి కాబట్టి వాటిలో అందులో మూడోవంతు. గోడలో దెబ్బ వినపడిందంటే ఏదో ఒకరోజు జాయింటు కూడా ఊడుతుందని గుర్తు పెట్టుకోండి. మందు మీ ఫ్లాటులో లేదు, మోటారు దగ్గర ఉంది. రేకు తలుపు ఊగే పాత ఎన్నార్వీ తీసేసి స్ప్రింగ్ ఉన్నది వేయాలి. స్ప్రింగు ఎన్నార్వీ నీళ్ళు వెనక్కి మళ్ళేలోపే మూసుకుంటుంది, గుద్దుడు ఉండదు. మోటారు నుంచి పైకి వెళ్ళే పైపు మొదట్లో ఒక రబ్బరు బెలో (అదురు మింగే మెత్తటి గొట్టం ముక్క), మోటారు కింద రబ్బరు మెత్తలు. ఇవన్నీ కలిపి ఒక పూట పని, అయిదు అంతస్తులకీ లాభం. అయినా మోగుతుంటే ఆ లైను క్లాంపులు కూడా రబ్బరువి చేయించాలి.

పైవాళ్ళ వాషింగ్ మెషీను ‘టక్’ కూడా ఇదే జాతి. మెషీనులో కరెంటు వాల్వు కన్ను మూసి తెరిచేలోపు నీళ్ళు ఆపేస్తుంది. కుళాయి కొద్దిగా మూసి ధార తగ్గించుకోమనండి, పైసా ఖర్చు లేదు. ఫ్లష్ ట్యాంకు నిండేటప్పుడు వచ్చే ‘సుయ్’ కూత కూడా కింద యాంగిల్ కాక్ (గోడ దగ్గరి చిన్న కుళాయి) సగం మూస్తే సగం చస్తుంది. గోడలో నొక్కే ఫ్లష్ వాల్వు వాడుతుంటే మాత్రం దాన్ని మచ్చిక చేసుకోలేం, ట్యాంకుకి మారమని చెప్పడమే. గీజరు వేడి నీళ్ళు తిప్పగానే గోడలో టకటకలాడితే సీపీవీసీ సాగుతోందన్నమాట. నలభై డిగ్రీలు వేడెక్కితే మూడు మీటర్లకి ఏడెనిమిది మి.మీ. పెరుగుతుంది, గాడిలో సిమెంటు బిగించి పూడిస్తే గోడని గీరుకుంటూ పెరుగుతుంది. పైపు మీద ఫోమ్ స్లీవు తొడిగి పూడ్చాల్సింది.

ఖర్చు ఎవరిదని మీకు సందేహం రావొచ్చు. అందరి నీళ్ళూ దిగే పైపు మీ గదిలోంచి పోయినా మీ సొంతం కాదు, ఉమ్మడిది. 1987 నాటి మన అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి వసతుల్ని విడిగానే చూస్తుంది. అందుకని అసోసియేషన్‌కి కాగితం రాసి ఇవ్వకుండా పైపు కోయించకండి, ఎల్బో మార్చించకండి. చుట్టడం, బాక్సు కట్టడం మీ ఇష్టం. మోటారు పని అసోసియేషన్‌దే. ఫ్లాటు చేతికొచ్చి అయిదేళ్ళు దాటకపోతే, ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద ఉంటే, పనితనంలో లోపమని బిల్డరుకి రాసివ్వండి. చట్టంలో సెక్షన్ 14(3) ప్రకారం ముప్ఫై రోజుల్లో తన ఖర్చుతో సరిచెయ్యాలి. ‘A’ రకం పైపు మురుగుకి వేసి ఉంటే ఫోటో తీసి జత చెయ్యండి, వాదన బలంగా ఉంటుంది.

మీ చెల్లెలు కొమ్మాదిలో ఇల్లు కట్టుకుంటోందని చివర్లో రాశారు, ఆమెకి రెండు ముక్కలు. లెట్రిన్ పైపు పడగ్గది గోడకి కాక, వంటింటి వైపో మెట్ల వైపో దించమనండి. ఖనిజపు పొడి కలిపిన మూడు పొరల పాలీప్రొపిలీన్ పైపులు ‘లో నాయిస్’ పేరుతో దొరుకుతున్నాయి, పడగ్గదిని ఆనుకుని దిగే ముక్క వరకైనా అవి వేయించుకోవచ్చు. మిగతాచోట ‘B’ రకం పీవీసీ చాలు. ఆ వైపు గోడ తేలికపాటి ఏఏసీ బ్లాకు నాలుగంగుళాలది కాకుండా ఫ్లైయాష్ ఇటుకతో కట్టించమనండి. పరవాడ సింహాద్రి కరెంటు ప్లాంటు బూడిద పుణ్యమా అని మన దగ్గర వాటికి కొదవ లేదు, ఒకే మందానికి రెండున్నర మూడింతలు బరువుంటాయి.

మీ ఇంట్లో పని వరస ఇలా పెట్టుకోండి: ఆదివారం స్క్రూడ్రైవర్ పరీక్ష, బాక్సు విప్పడం, క్లాంపులు. క్లాంపులు మార్చాక రెండు రోజులు ఆగి వినండి. అప్పటికే మీవారికి నిద్ర పడుతుంటే వినైల్ షీటు డబ్బు మిగిలినట్టే. మొత్తం చేశాక కూడా అర్ధరాత్రి నిశ్శబ్దంలో చెవి ఒగ్గితే సన్నగా వినపడుతుంది, అసలేమీ వినపడకుండా చేస్తానన్న మేస్త్రిని నమ్మొద్దు.

ఈలోగా ఇవాళే చెయ్యగలిగింది ఒకటుంది. మంచం తలవైపు బోర్డు ఆ గోడకి ఆని ఉందా? ఉంటే జానెడు ఇవతలికి లాగండి, వీలైతే తల అటు కాకుండా ఎదుటి గోడ వైపు పెట్టుకోమనండి. చెక్క బోర్డు గోడ అదురుని నేరుగా తలగడ కిందకి తెస్తుంది. మంచం గోడకి మేకులతో కొట్టేసి ఉంటే ఆ మేకులు మాత్రం ఈ సాయంత్రమే తీయించండి.